మూడో పాయ కింద బొడిపె

బజారు వీధిలో పదకొండు కొట్లున్నాయి. పదకొండూ జలపాతం మీదే బతుకుతాయి. నాలుగు కిలోమీటర్ల అవతల నీళ్లు పడుతుంటే ఇక్కడ గల్లాపెట్టెలు తెరుచుకుంటాయి. వానలు మొదలవగానే కొండ దారికి అడ్డంగా గొలుసు కడతారు. రెండు నెలలు యాత్రికులు రారు. కొట్లవాళ్లు తలుపులకు రంగేసుకుంటారు, పగలు నిద్రపోతారు, పక్కవాళ్ల మీద చాడీలు చెప్పుకుంటారు.

బొమ్మలావిడ ఆ రెండు నెలలూ ప్లాస్టర్‌తో జలపాతాలు పోస్తుంది. జానెడు కొండ, దాని మీంచి మూడు పాయలు. ఆ అచ్చు ఆవిడ అత్తగారు చేసింది. పోసి, ఆరనిచ్చి, విప్పాక మూడో పాయ అడుగున మిరియపు గింజంత బొడిపె కనిపిస్తుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్దేస్తుంది. అచ్చులో గాలిబుడగ పడి ఉంటుందనుకుని ఇరవై ఆరేళ్లుగా ప్రతి బొమ్మకీ రుద్దుతూనే ఉంది.

ఆ శుక్రవారం పర్యాటక ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. బొమ్మలావిడ కోడలు స్పీకర్ పెట్టింది.

"అమ్మా, సీజన్ మొదలయ్యేసరికి నాలుగు వందల బొమ్మలు కావాలి. అయితే మూడు పాయలేంటి? అక్కడున్నవి రెండే. యాత్రికులు నవ్విపోతున్నారు. మూడోది తీసేసి సోమవారానికి ఒకటి పంపండి, చూసి చెప్తాను," అన్నాడు ఆఫీసరు.

ఆ ఆర్డరు రాకపోతే కొట్టు ఉండదు. ఐస్‌క్రీమ్ కంపెనీవాళ్లు అప్పుడే వచ్చి గోడలు కొలుచుకుపోయారు.

"ఇంతకీ ఎన్నున్నాయి అత్తయ్యా?"

బొమ్మలావిడ ప్లాస్టర్‌లో ఇంకో చెంబు నీళ్లు పోసింది.

"మీరు చూడలేదా!"

"ఎప్పుడు చూడను? యాత్రికులు అక్కడుండే వేళకేగా మనం ఇక్కడుండాలి, వానలొస్తే గొలుసు. నువ్వొచ్చి మూడేళ్లయింది, నువ్వు చూశావా?"

కోడలు ఫోను చార్జింగుకి పెట్టడానికి లేచింది.

ఎదురుగా జీపు కింద దూరిన డ్రైవరు బయటికి రాకుండానే కేకేశాడు. "రెండే అక్కా! సీజన్‌లో రోజుకి ఆరు ట్రిప్పులు కొడతాను, నాకు తెలీదా? మీ అత్తగారికి లెక్కలు రావంతే."

"పోయినావిడ్ని అంటావేంట్రా? నోరు పడిపోతుంది."

అచ్చులో మూడో గాడిని మైనంతో పూడ్చడం పది నిమిషాల పని. బొమ్మలావిడ మైనం కరిగించింది. గిన్నె ఎత్తి, మళ్లీ దించేసింది. మూడెందుకని అత్తగారిని ఒకసారి అడిగింది. "ఉన్నదే పోశాను," అందావిడ. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

"చూడకుండా పూడ్చను," అంది బొమ్మలావిడ. "గొలుసు జీపులకి. మనుషులకి కాదుగా."

మర్నాడు పొద్దున్నే అత్తా కోడళ్లు బయల్దేరారు. లెక్కపెట్టి చూపిస్తానని డ్రైవరూ వెంటపడ్డాడు. బురదలో అతని చెప్పు రెండుసార్లు ఊడింది. రెండుసార్లూ కోడలు నవ్వింది. ఆఖరి మలుపు ఇంకా రాకముందే ఒకరి మాట ఒకరికి వినపడ్డం మానేసింది.

జలపాతం ముందున్న ఇనుప కటకటాల దగ్గర బొమ్మలావిడ తలెత్తింది. మెడ పట్టేసేదాకా ఎత్తినా నీళ్ల మొదలు కనపడలేదు. పట్టుకున్న ఇనుము అరచేతుల్లో వణుకుతోంది. తన బల్ల మీద జానెడుండేది ఇదా? ఇన్నేళ్లూ దీన్నా తను కాగితంలో చుట్టి జనం చేతిలో పెట్టింది?

పాయలు రెండే. డ్రైవరు ఆవిడ మొహం ముందు రెండు వేళ్లు చూపించాడు.

కొండ మీద వాన పెరిగింది. పోదామని కోడలు చెయ్యి లాగింది. బొమ్మలావిడ కదల్లేదు. కుడి పక్క బండ తడిసింది. తడి గీతైంది. గీత వెంట గులకరాళ్లు రాలాయి. ఆ వెనకే మట్టిరంగు నీళ్లు ఒక్కసారిగా దూకాయి. ఆ చప్పుడు చెవులకి కాదు, పక్కటెముకలకి తగిలింది. మూడో పాయ అడుగున ఇల్లంత బండరాయి ఉంది. నీళ్లు దాని మీద పడి, లేచి, గొడుగులా విచ్చుకున్నాయి.

"బొడిపె!" అంది బొమ్మలావిడ. ఎవరికీ వినపడలేదు.

డ్రైవరు వేళ్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి. వాటికేసి ఓసారి చూసుకుని, చెయ్యి దించి, ఆవిడ చెవి దగ్గర అరిచాడు. "గొలుసు కట్టాక నేనెప్పుడూ రాలేదక్కా!"

ఎవరూ రాలేదు. అత్తగారు వచ్చింది. వానలో, నడిచి. ఇక్కడే నిలబడి ఉంటుంది. ఇల్లంత బండని మిరియపు గింజ చేసి ఇంటికి పట్టుకెళ్లింది. ఆవిడ కోడలైన తను దాన్ని ఇరవై ఆరేళ్లు రుద్దేసింది. బొమ్మలావిడ మొహం తుడుచుకుంది. తుడుచుకున్న చోటే మళ్లీ తడిసింది.

సోమవారం ఆఫీసుకి బొమ్మ వెళ్లింది, మూడు పాయలతోనే, బొడిపె రుద్దకుండా. "ఇది వానల్లో జలపాతం. నమ్మకపోతే రండి, నడవాలి," అని కోడలి చేత చీటీ రాయించి పెట్టింది.

బుధవారం ఆఫీసరు గొడుగేసుకుని డ్రైవరు వెంట కొండెక్కాడు. తిరిగొచ్చేటప్పుడు గొడుగు లేదు. కొట్లోకొచ్చి, నీళ్లోడుతూనే, ఊగే స్టూలు మీద కూర్చున్నాడు. సంచిలోంచి బొమ్మ తీసి బొడిపె మీద వేలు పెట్టాడు.

"ఇదేనా ఆ బండ?"

"అదే."

"నాలుగు వందల్లోనూ ఉండాలి."

బొమ్మలావిడ బల్ల మీది గరుకు కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, స్టూలు కాలి కింద దూర్చింది. స్టూలు ఊగడం ఆగింది.