ఎర్రగుడ్డ ఊడిపోయిన పంపు

వీపున మోసి పైర్లకు మందు కొట్టే పంపును నేను. ఇప్పుడు పాత ఇనుము కొట్టులో పగిలిన బకెట్ల మధ్య పడి ఉన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అయినా చెబుతాను, చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

ఏదో పట్నం కార్ఖానాలో నీలం ప్లాస్టిక్కు కరిగించి నన్ను పోతపోశారు. పదహారు లీటర్లు పట్టే కడుపు, చేత్తో ఊపే పిడి, చివర ఇత్తడి ముక్కు ఉన్న పొడుగాటి గొట్టం, ఇదీ నా ఆస్తి. ఓదెలు అనే రైతు నన్ను కొన్నాడు. అప్పటికే అతని దగ్గర ఇంకో పంపు ఉంది. దానితో పురుగు మందు, నాతో గడ్డి మందు కొట్టేవాడు. రెండూ కలిస్తే పైరు పోతుందని నా పట్టీకి ఎర్రగుడ్డ కట్టాడు. ఎర్రగుడ్డ పంపును పంట మీదికి తేకూడదని చుట్టుపక్కల చేలవాళ్లందరికీ తెలుసు.

నా పని గట్ల మీది కలుపును చంపడం. అందులో వయ్యారిభామ ఒకటి. ముట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించే మొక్కకు అంత ముద్దు పేరు పెట్టుకోవడం మనుషులకే చెల్లింది. ఎన్నిసార్లు చంపినా వాన పడగానే మళ్లీ తెల్లగా పూసేది. ఓదెలు తిట్టుకుంటూ నన్ను మళ్లీ వీపుకెత్తుకునేవాడు.

ఆ ఏడు మక్కజొన్న చేను గట్ల మీద గడ్డి మందు కొడుతుండగా నా పట్టీ పుటుక్కున తెగింది. పాత సైకిలు ట్యూబు కోసి కొత్త పట్టీ వేశాడు. తెగిన పట్టీ పొదల్లోకి విసిరేశాడు, గుడ్డతో సహా. సాయంత్రం ఇంకో ఎర్రగుడ్డ కడదాంలే అనుకున్నాడు. మనిషి అనుకున్న సాయంత్రాలు ఎప్పుడొస్తాయో నాకిప్పటికీ తెలియదు. కడుపులో ఒక చెంబు నీళ్లు పోసి పైపైన కడిగి, మోటరు గదిలో మేకుకు తగిలించాడు.

పక్క చేను సాంబలక్ష్మిది. ఎకరన్నర పత్తి. తొలకరికి పెట్టిన గింజలు వాన లేక మాడిపోతే, రెండోసారి ఒక్కతే వంగి పెట్టుకుంది. మూడోసారి పెట్టడానికి అదనే లేదు. ఆ పత్తి పోతే ఆ ఏడాదే పోయినట్టు. మోకాలెత్తు ఎదిగాక ఆకుల అడుగున పచ్చదోమ చేరింది. అంచులు ఎర్రబడటం చూసి ఆమె మందు తెచ్చుకుని, పంపు కోసం ఓదెలు మోటరు గదికి వచ్చింది. మా దగ్గర పంపుకు అడగడాలుండవు, మేకు మీద ఉంటే తీసుకుపోవడమే. పురుగు మందు పంపును అప్పటికే ఇంకెవరో తీసుకుపోయారు, ఆ రోజు మేకు మీద నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆమె నన్ను దించి అటూ ఇటూ తిప్పి పట్టీలు తడిమి చూసింది. గుడ్డ కోసమే చూసింది. లేదు. నన్ను ఎత్తుకుంది. అమ్మా, నా గొట్టంలో ఇంకా విషముంది, వద్దు అని అరవాలనిపించింది. గొట్టం ఉంది గాని గొంతు లేదు. సాలు తర్వాత సాలు, ఆమె చేత్తోనే ఆమె పత్తి మీద విషం చల్లాను.

వారం తిరగకుండా లేతాకులు బెండాకుల్లా చీలి, వేళ్లలా సాగాయి. దారిన పోతున్న ఓదెలును ఆమె పిలిచింది.

"ఓదెలూ, గిదేం తెగులే? దోమ పోయింది గని ఆకు గిట్లయితాంది."

అతను ఆకు చూశాడు. తర్వాత గట్టు మీదున్న నన్ను చూశాడు. పట్టీ వైపు చెయ్యి పోయి ఆగింది. పొదల్లోకి విసిరిన గుడ్డ గుర్తొచ్చినట్టుంది.

"ముడత రోగమే కావచ్చు వదినె," అని గొణిగి వెళ్లిపోయాడు.

ముడతకు మందు తెచ్చి మర్నాడు ఆమె నన్నే మళ్లీ ఎత్తుకుంది. ఓదెలు తన మక్కచేలోంచి చూశాడు. చెయ్యి పైకెత్తాడు కూడా. కేక వేయలేదు. చేత్తో తల గోక్కుని కిందికి వంగాడు.

పది రోజులకు మొగ్గలన్నీ రాలాయి. ఆమె ఒక కొమ్మ విరుచుకుని పట్నంలో వ్యవసాయాధికారికి చూపించింది. ఆయన అడిగింది ఒకటేనట, ఏ పంపుతో కొట్టావమ్మా అని. తిరిగొచ్చి నా మూత తీసి వాసన చూసింది. అలాగే గట్టు మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త నయంగా ఉండేది.

ఓదెలు గడ్డపార పట్టుకుని పరుగున వచ్చాడు. "ఈ పాడు పంపే ముంచింది వదినె నిన్ను," అంటూ నా నడుం మీద పొడిచాడు. పగిలాను. ఇంకో పోటు ఎత్తాడు.

"దాన్నెందుకు కొడ్తవ్ ఓదెలూ?" అంది సాంబలక్ష్మి నెమ్మదిగా. "దానికి నోరు లేదు. నీకున్నది గద."

గడ్డపార కింద పడింది.

మర్నాటి నుంచి ఆమె పత్తి పీకడం మొదలుపెట్టింది. రెండు రోజులు ఓదెలు గట్టు మీదే నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. మూడో రోజు అతను చేలోకి దిగి అవతలి కొస నుంచి పీకసాగాడు. ఆమె చేతిలోని మొక్కను కింద పెట్టి, కొంగు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది.