పిడికిలి తెరిచిన రాక్షసుడు

"కట్ చెప్పండి సార్! వాడు నటించడం లేదు!"

కాస్ట్యూమ్ అక్క కేకకి సెట్‌లో ఎవరూ కదల్లేదు. అంతరిక్ష నౌక నడవలో, ప్లైవుడ్ గోడల మధ్య, రబ్బరు రాక్షసుడు మోకాళ్ల మీద ఉన్నాడు. ఎడమ చెయ్యి పైకెత్తి పిడికిలి మూస్తున్నాడు, తెరుస్తున్నాడు.

"ఎంత బాగా చేస్తున్నాడో చూడు. ఒళ్లు గగుర్పొడుస్తోంది," అన్నాడు డైరెక్టర్ తన్మయంగా.

చెయ్యి దబ్బున కిందపడింది.

అక్క కెమెరాకి అడ్డంగా పరుగెత్తింది. ఆ సూట్ తాళ్లు వీపు మీద ఉంటాయి, లోపలున్నవాడు విప్పుకోలేడు. కత్తెరతో కోసి ముసుగు లాగేసింది. లోపల ఆమె తమ్ముడు. పెదాలు నీలం తిరిగాయి. మేకప్ తాత అతని ఛాతీ మీద రుద్దాడు, చెంపలు వాయించాడు. చివరికి వెక్కిళ్లలాంటి ఊపిరి ఒకటి తిరిగొచ్చింది.

అంబులెన్స్ ఎక్కబోతున్న అక్కని మేనేజర్ ఆపాడు.

"పోలీసులకి కబురు పంపాను. ఎవరు చేశారో తేలేదాకా నువ్వు గేటు దాటకూడదు."

"వాడికి నేను తప్ప ఎవరూ లేరు సార్!"

"ముందు దీని సంగతి చెప్పు." మేనేజర్ ముసుగు తిరగేశాడు. రాక్షసుడి మొప్పల కింద గాలి రంధ్రాలుంటాయి. అన్నిటిలోనూ దూది కుక్కి ఉంది.

నౌకలోని మనుషుల్లో ఒకడి ఒంట్లోకి రాక్షసుడు దూరతాడు, ఎవడిలోనో ఎవరికీ తెలియదు. సీరియల్‌లో ఈ వారం కథ అది. పొద్దుటిదాకా దాని మీద అందరూ జోకులేసుకున్నారు. ఇప్పుడు ఎవరూ ఎవరి పక్కనా నిలబడటం లేదు.

"సూట్ తొడిగింది నువ్వేగా?" అన్నాడు మేనేజర్.

"తొడిగాక మొప్పల దగ్గర అద్దం పెట్టి చూశాను. ఆవిరి పట్టింది. ఆ సూట్‌తో కూర్చోవడం కుదరదు. భోజనాలప్పుడు వాలుబల్లకి ఆనుకుని ఒక్కడే నిలబడ్డాడు. పక్కన ఎవరొచ్చినా వాడికి కనపడదు."

"దూది తాతదే," అన్నాడు డైరెక్టర్.

తాత కస్సుమన్నాడు. "నా బల్ల మీది దూది ఊరుమ్మడి సొత్తు. నిన్న నువ్వు చెవిలో పెట్టుకున్నది ఎవరిదిరా అబ్బాయ్?"

"గొడవెందుకు తాతా?" అంటూ కెప్టెన్ ముందుకొచ్చాడు. సీరియల్ హీరో అతను. సెట్ బయట కూడా అందరూ అలాగే పిలుస్తారు. చేతిలో బొమ్మ తుపాకీ ఇంకా అలాగే ఉంది. "తమ్ముడు బతికితే చాలు. పాపం, ఈ అమ్మాయి కావాలని చేసుండదు. పోయినవారం రూపం మారే షాట్‌కి నేనూ ఒక పూట తొడుక్కున్నాను కదా, లోపల నరకమే. ఎక్కడో చిన్న పొరపాటు జరిగుంటుంది."

ఓదార్పు లాగే ఉంది కానీ ఆ మాటతో తప్పు అక్క మీదికే వచ్చి పడింది. మేనేజర్ తల ఊపాడు.

ఈ వారం భాగం చివర్లో, కథలో కెప్టెన్ చచ్చిపోతాడు. రాక్షసుడి ముసుగు చిరిగి తమ్ముడి ముఖం కనిపిస్తుంది. వచ్చేవారం నుంచి నౌకకి కొత్త కెప్టెన్ తమ్ముడే. నిర్మాత ప్రకటించిన రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు పాత కెప్టెన్.

అక్కకి తమ్ముడి పిడికిలి కళ్లముందు కదిలింది. అది చూసి ఆమె కూడా నటనేమో అనుకుని క్షణకాలం ఆగిపోయింది. కొత్త భంగిమ అదిరిందని లైట్‌మ్యాన్ అంతకుముందే చెప్పాడు మరి. పొద్దున రిహార్సల్‌కి ఆమె లేదు. కెప్టెన్ చొక్కా భుజం దగ్గర సర్రున చిరిగిందంటే కుడుతూ కూర్చుంది.

"సార్," అంది డైరెక్టర్‌తో. "ఎడమ చెయ్యెత్తి పిడికిలి మూసి తెరవడం, ఆ ఐడియా ఎవరిది?"

"ఇంకెవరిది? నాదే! భయపెట్టే రాక్షసుడు సాయం అడిగితే ఇంకా భయమేస్తుంది."

"అయితే ఆ సైగ మీకెవరు చెప్పారు?"

"సైగేంటి?"

"లోపల్నుంచి మాట వినపడదు. అందుకే సూట్ తొడుగుతూ చెవిలో ఒకటే చెబుతాను. ఊపిరాడకపోతే ఎడమ చెయ్యెత్తి పిడికిలి మూసి తెరువు, పరుగెత్తుకొస్తాను అని. సూట్‌లో దూరినవాడికి తప్ప ఎవరికీ చెప్పను. చెబితే మీరంతా ఆటలకి వాడేస్తారు. ఎవరో దాన్ని కథలో కలిపేశారు. వాడు చచ్చిపోతూ పిలిచినా నటన అనుకోవాలని."

డైరెక్టర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మరి ఐడియా మీదేగా సార్?" అంది అక్క. "పోలీసులకి అదే చెప్పమంటారా?"

"అంటే... పూర్తిగా నాది కాదు. చిన్న సలహా..."

"డైరెక్టర్‌గారు అలసిపోయారు," అన్నాడు కెప్టెన్. "కాస్త మంచినీళ్లు ఇవ్వండి."

"ఉండవయ్యా!" తాత గద్దించాడు. "ఏరా అబ్బాయ్, బాగున్నవన్నీ నీవే అంటావుగా ఎప్పుడూ! ఇది కూడా ఉంచుకుంటావా?"

ఇన్నేళ్లలో మొదటిసారి డైరెక్టర్ తన ఐడియాని ఇంకొకరికి ఇచ్చేశాడు.

"నాది కాదు! పొద్దున్నే మేకప్ గదిలో చెప్పాడు. కచ్చితంగా ఎడమ చెయ్యే ఉండాలన్నాడు. సూట్ కట్టేశాకే నీ తమ్ముడికి చెప్పమన్నాడు."

"ఎవరు?"

"కెప్టెన్!"