సైన్సు గంటలో ఖాళీ కుర్చీ

నేను ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని. పుట్టింది కాలిఫోర్నియాలోనే, ఒక ఫ్యాక్టరీ అచ్చులోంచి. మొదట డబ్బున్న పేటలోని బడిలో ఉండేదాన్ని. వాళ్లు కొత్త కుర్చీలు కొనుక్కుని, నా అడుగున అంటించిన చూయింగ్ గమ్‌తో సహా నన్ను స్ట్రాబెర్రీ తోటల పక్కనున్న ఈ బడికి దానం చేశారు. చేస్తూ ఫోటో కూడా దిగారు. మనుషుల దానాలు ఇలాగే ఉంటాయి లెండి.

ఇక్కడ మూడో తరగతిలో నామీద కూర్చునే పిల్ల పేరు ఇత్సెల్. తల్లి ఒఫెలియా తోటల్లో పళ్లు కోస్తుంది. పిల్లని బళ్లో వేసేటప్పుడు ఫారంలో అడిగారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. ఆ అమాయకురాలు ఉన్నమాట రాసింది, స్పానిష్ అని. అంతే! పిల్లకి ఇంగ్లీషు రాదని ముద్ర పడిపోయింది. ఈ పిల్లేమో ఇంగ్లీషులో గలగలా కబుర్లు చెబుతుంది! అయినా ఏటా ఇంగ్లీషు పరీక్షలో రెండు మార్కులు తగ్గుతాయి, ముద్ర పోదు. రోజూ సరిగ్గా సైన్సు గంటకే ఒకావిడ వచ్చి తనని పక్కగదికి తీసుకుపోయి, బొమ్మలు చూపించి "ఇది పిల్లి, ఇది బంతి" అనిపిస్తుంది. ఇక్కడేమో గుడ్లు పొదిగే పెట్టె పెట్టారు. ఇరవై ఒక్క రోజులకి కోడిపిల్లలొస్తాయట. అది చూడాలని ఇత్సెల్ ప్రాణం కొట్టుకుపోతోంది. నేనేమో ఖాళీగా పడి ఉంటాను. ఒళ్లు మండిపోయేది నాకు. నోరుంటే నాలుగు దులిపేసేదాన్ని!

పంతొమ్మిదో రోజున తల్లిని పిలిపించారు. దుబాసీ రాలేదు. ఒఫెలియా నామీదే ఇరుక్కుని కూర్చుంది. టీచరు మిస్ హార్లన్ కాగితాలు తిరగేస్తూ అంది: "ఇత్సెల్ ఇంగ్లీషు ఇంకా చాలదండీ. ఈ ఏడూ పక్కగదికి వెళ్లాల్సిందే."

మరి ఆ మాట తల్లికి స్పానిష్‌లో చెప్పాల్సిందెవరు? ఇత్సెలే! పొల్లుపోకుండా చెప్పింది.

ఒఫెలియా కూతురి వైపు తిరిగి అంది: "టీచరుగారిని ఒక్కటి అడుగు తల్లీ. నీకు ఇంగ్లీషు రాకపోతే, ఆవిడ మాట ఇప్పుడు నాకు చెప్పిందెవరు?"

ఇత్సెల్ అదీ ఇంగ్లీషులో చెప్పింది. మిస్ హార్లన్ తిరగేస్తున్న కాగితాలు పక్కన పెట్టేసింది. ఒఫెలియా విసురుగా లేచింది. నా కాలు పుటుక్కున విరిగింది.

అలా వచ్చి తరగతి కిటికీ బయట పాత సామాన్ల కుప్పలో పడ్డాను. ఆ పిల్ల సంగతి ఏం తేల్చారో తెలియక మర్నాడంతా కొట్టుకులాడాను. ఆ మర్నాడు, సైన్సు గంటలో, లోపల్నించి ఒక కేక వినిపించింది: "టీచర్, చూడండి! పెంకు పగిలింది, ముక్కు బయటికొచ్చింది!"

ఇత్సెల్ గొంతే. ఇంగ్లీషులోనే అరిచింది.