వళ్ళియమ్మ గొంతుకో సౌండ్ కార్డు

తెగిన పోగును వేళ్ళతోనే వెతికి పట్టుకుని, ఉమ్మితో తడిపి, ముడివేసి, దేవరాజులు మగ్గాన్ని మళ్ళీ కదిలించాడు. తిరుత్తణిలోని ఆ పవర్‌లూమ్ షెడ్డులో మాటలన్నీ చేతులతోనే. బీడీ కావాలంటే రెండు వేళ్ళు పెదవులకు. ఓనర్ వస్తున్నాడంటే మీసం మీద చెయ్యి. పెళ్ళి కాకముందు నుంచీ ఆ దడదడలోనే బతికిన మనిషి. పొట్టిగా ఉంటాడు, కనుబొమల్లో కూడా నూలు నుసి. మధ్యాహ్నం సెలవని పక్క మగ్గం మనిషికి సైగచేసి బయటపడ్డాడు.

ఇంట్లో, కూతురు అభినయ కాలేజీ చదువుకు కొన్న కంప్యూటర్ డబ్బాను తువ్వాలులో చుట్టడం మొదలుపెట్టాడు. భార్య వళ్ళియమ్మ మంచం మీద నుంచి చూస్తోంది. ఆమెకు గొంతులో పుండు. రేపు చెన్నై ఆస్పత్రిలో చేరాలి, స్వరపేటిక తీసేస్తారు. ప్రాణం నిలిచినా మాట ఉండదన్నారు. వీళ్ళ ఇళ్ళలో పుట్టిన బిడ్డ చెవిలో మొదట పేరు పలకాల్సింది అమ్మమ్మ. పొన్నేరిలో అత్తవారింట అభినయ నిండు నెలలతో ఉంది. మగబిడ్డయితే వేల్‌మురుగన్, ఆడబిడ్డయితే దేవసేన. బొంగురుదైనా గొంతంటూ ఉన్నప్పుడే ఆ రెండు పేర్లూ పలికి కంప్యూటర్లో దాచుకోవాలి. వళ్ళియమ్మ కోరిందల్లా అదే.

అదే కుదరడం లేదు. రోజూ ఆమె పలికేది. అతను హెడ్‌ఫోన్ పెట్టుకుని వినేవాడు. పేరు వెనక ఉయ్యిమని ఒకటే రొద. ఛీ, పసిబిడ్డ చెవిలో పోసేది ఇదా! తుడిపేసేవాడు. అంతకుముందు ఫోన్‌లోనూ అదే రొద వస్తే, చవక ఫోన్ అని తిట్టి వదిలేశాడు. పక్కింటి శరత్‌కుమార్ విని, "బాగానే ఉండాది మామా. సౌండ్ మదర్‌బోర్డులోనే ఉంటాది. ఇంటి కంప్యూటర్‌కి వేరే సౌండ్ కార్డు దేనికి?" అన్నాడు. ఈ కాలం పిల్లలకు అన్నీ బాగానే ఉంటాయి మరి! వేరే కార్డు వేస్తే రొద పోతుందని టీ కొట్టు దగ్గర ఎవరో అన్న మాటే దేవరాజులుకు నచ్చింది.

"మామా, ఈ పొద్దు ఒక్కసారి పలుకుతా. నాకు రొదా గిదా ఏమీ వినబళ్ళా. తుడపకుండా పెట్టుకో," అంది వళ్ళియమ్మ, ఒక్కో మాటకూ గొంతు పట్టుకుంటూ.

అతను ఆమె పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. "ఉండుమే. కార్డు ఏయించుకుని పొద్దుగూకేలోపల వచ్చేస్తా. అప్పరం తీరిగ్గా పలుకుదువు."

ఆమె బల్ల మీదే ఉండిపోయిన మైకు వైపు చూసింది.

రైల్లో తిరువళ్ళూరు చేరి, కంప్యూటర్లు బాగుచేసే ఆనందరాజ్ ముందు డబ్బా దించాడు. ఆనందరాజ్ వైర్లు తగిలించి, "ఏందైనా మాట్లాడన్నా," అంటూ కొట్టులోని మైకు చూపించాడు.

"వళ్ళియమ్మ," అన్నాడు దేవరాజులు, ఇంకేమీ తోచక.

ఆనందరాజ్ విన్నాడు. "క్లీన్‌గా ఉండాదే. కార్డు అక్కర్లేదన్నా."

"నీకూ వినబళ్ళేదా? ఉయ్యిమంటా ఉండాదే!"

ఆనందరాజ్ హెడ్‌ఫోన్‌ను దేవరాజులు చెవులకు పెట్టి, దాని వైరు పీకి పైకెత్తి చూపించాడు. "ఇప్పుడు?"

"ఉండాది."

"వైరే లేదు కదన్నా. ఏం పని చేస్తావు నువ్వు?"

"పవర్‌లూమ్."

ఆనందరాజ్ వైరు కింద పెట్టాడు. "రొద కంప్యూటర్లో లేదన్నా. నీ చెవుల్లో ఉండాది."

దేవరాజులు హెడ్‌ఫోన్ తీశాడు. రొద ఉంది. చెవులు మూసుకున్నాడు. ఉంది. నిశ్శబ్దమంటే అలాగే ఉంటుందనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"తుడిపేసినవి మళ్ళా వస్తాయా?" అని అడిగాడు. ఆనందరాజ్ చాలాసేపు వెతికి తల అడ్డంగా ఊపాడు.

"పోతే పోనీలే. మనిషి ఇంట్లోనే ఉండాది కదా," అన్నాడు దేవరాజులు.

తిరుగు రైల్లో డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తనను తాను తిట్టుకున్నాడు. నవ్వూ వచ్చింది. ఈసారి తను విననే వినడు, ఆమె పలికింది పలికినట్టే దాచేస్తాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. బండి చప్పుడులో అతనికి తెలియలేదు.

వాకిలి నిండా చెప్పులు. శరత్‌కుమార్ ఎదురొచ్చి డబ్బా అందుకున్నాడు. "దగ్గు వచ్చినాది మామా... రక్తం... ఆటో వచ్చేలోపలే..." అతని పెదవులు వణుకుతుంటే దేవరాజులుకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. శరత్‌కుమార్ చెప్పలేక అరచెయ్యి ఆకాశానికి తిప్పాడు.

లోపల చాప మీద వళ్ళియమ్మను పడుకోబెట్టి ఉన్నారు. దేవరాజులు ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు. "రొద నాలోనే ఉన్నింది కదమ్మే! నీ గొంతునెందుకు తుడిపేస్తిని!" అని అరిచి ఏడ్చాడు. ఆ మాటలేమిటో చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు తెలియలేదు.

శరత్‌కుమార్ డబ్బాను బల్ల మీద పెట్టబోయి ఆగాడు. అతని తల్లి సెల్వి, "మామ వస్తే పలకాలని, గొంతు తడుపుకొనేదానికి తనే లేచి కాచి పెట్టుకునింది," అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మైకు పక్కన, పటికబెల్లం నీళ్ళ లోటా మీద పెట్టిన మూత పెట్టినట్టే ఉంది.