ఎడమవైపు దీపం

మొదలుపెట్టిన నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: వెనక గదిలో ఒక టేకు బల్ల, అరడజను చిన్న స్క్రూడ్రైవర్లు, కంటికి తగిలించుకునే భూతద్దం, మామగారింటి నుంచి వచ్చి ఆగిపోయిన గోడ గడియారం, ఉగాది దాకా గడువు. గడువు పెట్టింది నా భార్య వరలక్ష్మి. ఆ బల్ల మీద పచ్చడి జాడీలు సర్దుకోవాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది.

"ఉగాదికి మా నాన్న గడియారం నడిచిందా, బల్ల మీకు. నడవలేదా, జాడీలకు," అంది.

నాకు నరసరావుపేట బజార్లో బట్టల కొట్టు. గడియారాల మరమ్మతు సరదా పని, కొట్టు కట్టేశాకే. లాంతరు వెలుతురులో పళ్ళచక్రం ఏదో, దాని నీడ ఏదో తెలిసేది కాదు. మా వీధికి కరెంటు వచ్చి రెండు నెలలైంది. మంచి దీపం కొంటే సగం పని అయినట్టేనని సత్తార్ కరెంటు సామాన్ల కొట్టుకు వెళ్ళాను.

అతను నన్ను లోపలి చీకటి గదిలోకి తీసుకెళ్ళి ఒక్క దీపం వెలిగించాడు. ఇత్తడి కాడ, ఆకుపచ్చ గాజు గొడుగు, అంచున పూసల కుచ్చులు, వంద వాట్ల బల్బు.

"సూరీణ్ణి తెచ్చి బల్ల మీద పెట్టినట్టు లేదూ, షావుకారుగారూ?"

"చానా వెలుగుందే!" అన్నాను.

నా కొట్టులో వెనక కిటికీ ఇరవై ఏళ్ళుగా తెరవలేదు. వెలిసిన చీరైనా పెట్రోమాక్సు కింద విప్పితే పెళ్ళికూతురిలా ఉంటుంది. గుమ్మంలోకి తీసుకెళ్ళి చూస్తామనేవాళ్ళతో "ఎండ తగిలితే రంగు చెడుతుందమ్మా" అంటాను. ఇంత తెలిసినవాణ్ణి, సత్తార్ చీకటి గదిలో నిలబడి దీపాన్నే చూశాను. దాని కింద చేయాల్సిన పనిని చూడలేదు. బేరమైనా ఆడలేదు.

ఇంట్లో ప్లగ్గు కుడివైపు ఉంది కనుక దీపం కుడివైపే పెట్టాను. నా చేతి నీడ సరిగ్గా గడియారం లోపలి మర మీద పడింది. ఎదురుగా పెడితే బల్బు కళ్ళలో పొడిచింది, ఇత్తడి రేకులు తళతళమన్నాయి. సరుకు కదలకపోతే ఇంకాస్త వెలుతురు పెంచడం మా బజారు వైద్యం. రెండు వందల వాట్ల బల్బు వేశాను. నుదుటి చెమట గడియారంలో పడింది, పట్టకారు జారి చక్రం పన్ను ఒకటి వంగింది, ఒక మరమేకు ఎటో పోయింది.

"మనింట్లో పెళ్ళేమోనని ఎదురింటి కోటమ్మక్క తొంగిచూసిపోయింది," అంది వరలక్ష్మి. "నడిచిందా?"

"నడుస్తుంది."

"జాడీలు కడిగి ఆరబెట్టాను."

ఉగాది అయిదు రోజులుందనగా మిషన్ బడిలో కుట్టు నేర్పే గ్రేసమ్మ టీచరు మా కొట్టుకు వచ్చింది. నేను ఎన్నడూ మోసపుచ్చలేకపోయిన గిరాకీ ఆమె. నా మాట వినకుండానే గుడ్డ పట్టుకుని గుమ్మంలోకి నడిచింది. నా దీపం గోడు చెప్పి, సాయంత్రాలు కుట్టడానికి దీపం ఎట్లా పెట్టుకుంటారని అడిగాను.

"మీ బల్బు మీ కంటికి కనబడతందా?"

"కనబడుతోంది."

"అదే తప్పు. దీపం పనిని చూడాల, మిమ్మల్ని కాదు. కుడిచేత్తో కుట్టేదాన్ని, ఎడమపక్క పెట్టుకుంటా. తలకంటే దిగువన, రేకు డొప్ప కింద. నలభై వాట్లు చాలు. కొనేటప్పుడు సూదీ దారం తీసుకెళ్ళి అక్కడే ఎక్కించి చూశా."

"సత్తార్ ఊరుకున్నాడా?"

"మీరు ఊరుకోడంలా?" అంటూ గుడ్డ మడిచి నా చేతిలో పెట్టింది. కొనలేదు.

గడియారాన్ని సంచిలో పెట్టుకుని సత్తార్ దగ్గరికి వెళ్ళి ఆ దీపం మార్చమన్నాను.

"వాడిన సరుకు మార్చం."

"అదేంది సత్తార్ భాయ్, మనలో మనకు!"

"మా తమ్ముడి షాదీకి మీ దగ్గర ఆకుపచ్చ షేర్వాణీ గుడ్డ తీసుకున్నా. పందిట్లోకి వచ్చేసరికి బూడిద రంగు. మార్చమంటే మీరేమన్నారు?"

ఏమన్నానో నాకు గుర్తుంది. గడియారం విప్పి, ఉన్న దీపాలన్నీ దాని పక్కన పెట్టి చూశాను. చివరికి వెనక అలమర నుంచి దుమ్ము పట్టిన నల్ల రేకు దీపం ఒకటి తీయించాను. మెడ ఎటు వంచితే అటు వంగుతుంది.

"ఇది గుమాస్తాల దీపమండీ, మీ హోదాకు తగదు," అన్నాడు సత్తార్.

దాన్ని ఎడమవైపు పెట్టి మెడ వంచాను. చక్రం పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. పోయిందనుకున్న మరమేకు జిడ్డులో అంటుకుని అక్కడే ఉంది. నేను వంచిన పన్ను కూడా స్పష్టంగా కనబడింది.

ఆ దీపం కొని ఇంటికి తెచ్చి, వంగిన పన్నును చేతనైనంత సరిచేశాను. ఉగాది పొద్దున గడియారం నడిచింది. ఆ పన్ను దగ్గర తడబడుతూ సాయంత్రానికి అరగంట వెనకబడింది.

"ఇది నడకేనా?" అంది వరలక్ష్మి.

"నడవాలన్నావు. సరైన టైము చూపాలని ఒప్పందంలో లేదు."

"ఓహో, బట్టలు కూడా ఇట్లాగే అమ్ముతారన్నమాట!" అని జానలతో బల్ల కొలిచి, మధ్యన సుద్దగీత గీసి, కుడి సగం మీద జాడీలు పెట్టేసింది.

తేలిన లెక్క ఇది. అందం లేని దీపం ఒకటి, అరగంట ఆలస్యంగా నడిచే గడియారం ఒకటి, బల్లలో ఎడమ సగం. నిండు బల్లతో మొదలుపెట్టినవాణ్ణే. కానీ మొత్తం పోవాల్సిన చోట సగం దక్కింది కనుక, దాన్ని లాభం కిందే రాసుకున్నాను.