‘చెమ్కీల పావడా’ గురించి నేను విన్నది

నేను ఒక మైకుని. నోరున్న వాళ్ళందరూ నా ముందుకే వస్తారు గానీ, నాకు నోరు లేదు. విన్నది విన్నట్టు తీగలోకి వదిలేయడమే నా పని. అరిచే బాధ్యత చెట్లకి కట్టిన హారన్లది. ఇప్పుడు మండపేటలో మైకుసెట్టు సూర్రావు కొట్టులో, పై అరలో, సీరియల్ బల్బుల దండల మధ్య పడుకుని ఉన్నాను. తీగల్లేని కొత్త మైకులొచ్చాక నన్ను పిలిచేవాళ్ళు తగ్గారు. పనిలేక కునికిపాట్లు పడుతుంటే పాత గొంతులు కలల్లోకి వస్తాయి. దూరాన ఏదో ఊళ్ళో పాట మోగుతుంటే గాలివాటుకి ఒక ముక్క వినపడి ఒక ముక్క పోయినట్టు, వస్తూ పోతూ ఉంటాయి. వాటిలో ఒక గొంతు గురించి చెబుతాను. పక్కనే ఉండి కూడా నన్ను చేరడానికి దానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తు లేదు. జాలీ బిగించి ఎవరో “హలో” అన్నారు, అక్కణ్ణించే నాకు జ్ఞాపకం. సూర్రావు నన్ను కొన్న కొత్తలో మెడకి పసుపుదారం కట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఆ తరవాత పెళ్ళిళ్ళు, హరికథలు, ఎన్నికలు, సంతాపసభలు. బతికున్నన్నాళ్ళూ ఒక మనిషిని తిట్టిన నోరే అతని సంతాపసభలో “మహానుభావుడు” అనడం ఎన్నిసార్లు విన్నానో! నేను దేనికీ నొచ్చుకోలేదు. అద్దెకొచ్చినవాళ్ళం, మనకెందుకు?

నాకు ఇష్టమైనవి మాత్రం తీర్థాలు, అదే ఊరి జాతరలు. కోతలైన చేలో రేకుల స్టేజీ, జనరేటర్ రొద, మంచులో తడిసిన ఎర్రదీపాలూ పచ్చదీపాలూ, రికార్డింగ్ డాన్సు. ఎనౌన్సరు బుజ్జిబాబు నన్ను మూతికి ఆనించుకుని, “బొంబాయి నుంచి విమానంలో దిగిన మిస్ రీటా!” అనేవాడు. మర్నాడు ఇంకో ఊళ్ళో ఆవిడే మద్రాసు మంజుల. నిజానికి ఆవిడ పేరు వరహాలమ్మ. తుని దాటి ఎరగదు. చెమ్కీల పావడా కట్టుకుని నాకు నాలుగడుగులు వెనకగా ఆడేది, నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. డాన్సరుకి మైకుతో పనేముంది? ఆవిడ అడుగులు విన్నాను, రొప్పు విన్నాను, మాట మాత్రం వినలేదు.

ముందు వరసలోవాళ్ళు ఈలలేసి “వన్స్‌మోర్!” అంటే మిగతా డాన్సర్లు విసుక్కునేవారు. వరహాలమ్మ మాత్రం ఎంత అలిసినా కాదనేది కాదు. మెత్తటి మనిషి, నలుగురి మాటా తీసెయ్యలేదు కాబోలు అనుకున్నాను. విన్నంత మాత్రాన అర్థమైపోతుందని నా భ్రమ.

ఏళ్ళు గడిచాయి. స్టేజీలు పోయాయి, బుజ్జిబాబు గొంతు పోయింది. వరహాలమ్మ తన కథంతా పుస్తకం రాసిందని, దాని పేరు ‘చెమ్కీల పావడా’ అని, గ్రంథాలయం హాల్లో పాఠకులు దాని మీద మాట్లాడతారని ఒక ఆదివారం మధ్యాహ్నం సూర్రావే నాకు చెప్పాడు. నాకు చెప్పాడంటే, నన్ను తుడుస్తూ తనలో తను గొణుక్కున్నాడు. “ఆవిడ సభకి నువ్వే ఉండాలెహే,” అన్నాడు.

హాల్లో తీగలు కలుపుతుంటే కిటికీ పక్క ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు వరహాలమ్మ. రెండోది ఆవిడ కూతురు హైమ, కాకినాడలో నర్సు.

“పుస్తకం చదివేవా అమ్మా?” అంది తల్లి.

“లేదు. హాస్టల్లో అందరికీ మా అమ్మ బట్టలు కుడతాదని చెప్పుకున్నాను. ఇప్పుడు నువ్వు అచ్చేయించి మరీ చెప్పేవు. సరే, చదివినోళ్ళు ఏవంటారో వింటాను. తలెత్తుకునేలాగుంటే నీతో ఇంటికొస్తాను. లేపోతే ఇట్నుంచిటే బస్సెక్కేస్తాను.”

“అలాగేలే. అన్నం తిన్నావా?”

హైమ వెళ్ళి గుమ్మం పక్కన, చివరి కుర్చీలో కూర్చుంది. చేతిసంచి ఒళ్ళోంచి దించలేదు.

మొదట చలపతి మాస్టారు వచ్చారు. “భాష ముచ్చటగా ఉంది. అయితే ఇలాంటి జీవితం రాసినప్పుడు పశ్చాత్తాపం ఉండాలి. ఒక్క పేజీలోనైనా కనపడుతుందేమోనని చివరిదాకా చూశాను,” అన్నారు. తరవాత కాలేజీ లెక్చరరు విమలాదేవి. “కన్నీళ్ళు చాలలేదు. ఆవిడకి డాన్సంటే ఇష్టమట! నలిగిపోయిన స్త్రీ అలా ఎందుకు రాస్తుందో నాకు బోధపడలేదు,” అంది. ఒకరికి తప్పు ఒప్పుకోలేదని లోటు, ఒకరికి ఏడవలేదని లోటు. అత్తగారికి మెతుకు పలుకైతే మావగారికి మెత్తనయినట్టుంది వ్యవహారం.

మూడోవాడు ఎరువుల కొట్టు గంగరాజు. “నేను పేరు చూసి కొన్నానండి. తీరా చూస్తే అంతా బస్సు ప్రయాణాలూ, జొరాలూ, వంటలూనండి. మనం అనుకునేది ఒక్కటీ లేదండి!” హాలంతా నవ్వింది. ఆ గొంతు నాకు తెలుసు. ముందు వరస ఈల రూపంలో తెలుసు. చివరి కుర్చీ కిర్రుమంది. హైమ లేచి నిలబడి, గుమ్మం వైపు తిరిగింది. వరహాలమ్మ తల తిప్పి చూసింది, పిలవలేదు. నాకు గొంతుంటే ఆ క్షణాన నేనే పిలిచేదాన్ని.

అప్పుడొచ్చింది జాకెట్లు కుట్టే ఈశ్వరి. “నాకు అభిప్రాయాలు చెప్పడం రాదండి. ఒక ముక్క చదూతానండి,” అని పుస్తకం తెరిచి, పదం పదం కూడబలుక్కుంటూ చదివింది.

“పాపని స్టేజీ వెనకాల ఆంప్లిఫయరు పెట్టె మీద దుప్పటేసి పడుకోబెట్టేదాన్ని. పెట్టె వెచ్చగా ఉండేది. పాట మోగినంతసేపూ నిద్రపోయేది, పాట ఆగితే ఉలిక్కిపడి లేచేది. అందుకే వన్స్‌మోర్ అంటే కాదనేదాన్ని కాదు. వాళ్ళ కోసమే ఆడుతున్నాననుకునేవాళ్ళు. ఇంకో పాట ఆడితే, పాపకి ఇంకో పాటంత నిద్ర.”

ఈశ్వరి పుస్తకం మూసింది. “అంతేనండి. ఇది చదివిన కాణ్ణించీ, మా బుడ్డోడు నిద్రపోతుంటే మిషను ఆపబుద్ధి కాట్లేదండి.”

గంగరాజు చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. నా తీగ గుచ్చేది ఆ పెట్టెకే. ఆ రోజుల్లో పాటల అడుగున సన్నటి ఊపిరి ఒకటి వినపడేది, పెట్టెదే అనుకున్నాను.

సభాధ్యక్షుడు రచయిత్రిని పిలవబోతుంటే, హైమ గుమ్మం దగ్గర్నుంచి కుర్చీల మధ్యగా నడిచొచ్చి నన్ను స్టాండు మీంచి తీసుకుంది. చెయ్యి చల్లగా ఉంది. బుజ్జిబాబులాగే నన్ను మూతికి ఆనించుకుని, “మీ ముందుకొస్తున్నారు… మా అమ్మ, వరహాలమ్మ,” అంది. బొంబాయి లేదు, విమానం లేదు.

వరహాలమ్మ వచ్చింది. వచ్చి, పాత అలవాటు కొద్దీ, నాకు నాలుగడుగులు వెనకే ఆగిపోయింది. పెదవులు కదిలాయి, మాట నాదాకా రాలేదు. “దగ్గరికి రండమ్మా,” అన్నారెవరో. కాళ్ళు కదల్లేదు. అప్పుడు హైమే తీగ ఈడ్చుకుంటూ వెళ్ళి నన్ను తల్లి నోటి దగ్గర పెట్టింది. ముందు రొప్పు వినపడింది, నాకు తెలిసిన రొప్పే.

“నేనండీ… వరహాలమ్మనండి.”

“వినపళ్ళేదు!” అన్నారు వెనకనుంచి.

హైమ కళ్ళు తుడుచుకుని నవ్వింది. “వన్స్‌మోర్, అమ్మా.”

బయట కాకినాడ బస్సు హారన్ కొట్టింది. నన్ను పట్టుకున్న చెయ్యి కదల్లేదు. వరహాలమ్మ మళ్ళీ చెప్పింది.