కుడిచేతి పట్టు

పాలు కాచడం, కోడలికి అన్నం డబ్బా సర్దడం, వంటింటి గట్టు తుడవడం, ఇంటిపనంతా నాయనమ్మ ఎడంచేత్తోనే కానిచ్చేది. కుడిచేతిలో మనవరాలి వేళ్లుండేవి మరి. నాలుగేళ్ల పిల్ల ప్రాణం వ్యాను కింద పోయింది గానీ, ఆ పట్టు పోలేదు. కంటికి కనిపించేది కాదు. ముట్టుకుంటే వెచ్చగా, బెల్లం తిన్న చేతిలా కాస్త జిగటగా తగిలేది.

వీధిలో అందరికీ తెలుసు. రొట్టెల కొట్టాయన, "అమ్మా, పాపని అటు తిప్పుకోండి, పొయ్యి కాలుతోంది" అనేవాడు.

ఆ రోజు రోడ్డు మీద నాయనమ్మ పట్టులోంచి ఆ చెయ్యి ఎలా జారిందో మాత్రం ఎవరికీ తెలియదు. కొడుకు వ్యాను డ్రైవర్ని తిట్టిపోశాడు. "పిల్లని పట్టుకోకుండా ఎలా తెచ్చారండీ రోడ్డు మీదికి?" అని డ్రైవరు ఏడ్చాడు. చుట్టుపక్కలవాళ్లు తలో మాటా అన్నారు. ఎవరేమడిగినా నాయనమ్మది ఒకటే జవాబు: "నేనే వదిలేసుంటాను."

కోడలు పల్లెత్తు మాట అనలేదు. ఇరుకు వంటింట్లో ఆ కుడిచెయ్యి తగలకుండా పక్కకి తప్పుకునేది, అంతే. అత్తగారికి అదే గుండెల్లో గుచ్చుకునేది.

చివరికి కొడుకే నోరు తెరిచాడు. "కొన్నాళ్లు అక్క దగ్గర ఉండమ్మా. నిన్ను చూస్తుంటే తను తేరుకోలేకపోతోంది."

నాయనమ్మ సరేనంది. నాలుగు చీరలు సంచిలో కుక్కుకుంది.

వీధి మలుపులో ఆగిన ఆటో దాకా ఆ సంచి మోసుకొచ్చింది కోడలే. దాన్ని లోపల పెట్టి, తల ఎత్తకుండానే అడిగింది. "పాపని ఒక్కసారి నాకివ్వండత్తయ్యా."

నాయనమ్మ వంగి, "అమ్మ దగ్గరికెళ్లు బంగారూ" అంటూ ఆ పట్టుని కోడలి అరచేతిలో పెట్టింది. కోడలు రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా మూసుకుంది. కళ్లూ మూసుకుంది.

రోడ్డవతల గింజల కొట్టు ముందు పావురాలు ఒక్కసారిగా లేచాయి.

చిన్న మణికట్టు గిర్రున తిరిగింది. చేపపిల్లలా జారిపోయింది. "ఆగవే తల్లీ!" అంటూ కోడలు రోడ్డు మీదికి ఉరికింది. నాయనమ్మ కుడిచేత్తో ఆమె జబ్బ అందుకుని ఒక్క గుంజు గుంజింది. లారీ హారన్ మోగించుకుంటూ వాళ్లని రాసుకుని వెళ్లిపోయింది.

కోడలు అక్కడే కూలబడింది. "రెండు చేతుల్తో పట్టుకున్నానత్తయ్యా. గట్టిగానే పట్టుకున్నాను."

"తెలుసమ్మా," అంది నాయనమ్మ. "నేనూ గట్టిగానే పట్టుకున్నాను."

ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి.

పావురాలు ఎటో వెళ్లిపోయాయి. వేళ్లు తిరిగి రాలేదు. ఆటో అబ్బాయి మెల్లిగా అడిగాడు. "ఎక్కుతారా పెద్దమ్మా?"

"సంచి దింపెయ్యి బాబూ," అంది కోడలు.

నాయనమ్మ చెయ్యి ఇంకా ఆమె జబ్బ మీదే ఉంది. ఆమె దాన్ని తియ్యనివ్వలేదు.